హేజెల్ స్కాట్ ఒప్పందాల గురించి ఎవరికైనా తెలుసా?

పియానో విద్వాంసురాలు హేజెల్ స్కాట్ గురించి కాలేజీ సంచికకు వ్యాసం రాస్తున్నాను. నల్లవారిని విడిగా కూర్చోబెట్టే హాలులో వాయించనని ఆమె ఒప్పందంలోనే రాయించుకునేవారు. నిర్వాహకులు మాట తప్పితే పారితోషికం ఇచ్చేవారా, ఎగ్గొట్టేవారా? నా సందేహమంతా ఇక్కడే.

గట్టి మనిషి! 1943లో విడుదలైన ఒక సినిమాలో, సైనికులను సాగనంపే నల్లజాతి స్త్రీలకు మురికి ఏప్రన్లు తొడిగితే, మూడు రోజులు పనిచేయలేదు. చివరికి ఏప్రన్లే పోయాయి. 1950లో సొంత టీవీ కార్యక్రమం వచ్చింది. కమ్యూనిస్టు ముద్రపై అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు మాట్లాడిన వారానికే అది రద్దయింది.

అమెరికాలోని తెలుగువారెవరైనా ఏ గ్రంథాలయంలోనైనా ఆ ఒప్పందాల ప్రతులు చూశారా? కమిటీ ముందు ఆమె చెప్పిన మాటల పూర్తి పాఠం ఎక్కడ దొరుకుతుందో చెప్పినా చాలు.