ఆడ్స్ రేషియో 0.6 అంటే "40 శాతం తక్కువ" అని రాయొచ్చా?

స్టాట్స్‌భయం:
కమ్యూనిటీ మెడిసిన్ పీజీ ఫస్టియర్‌ని. గురువారం జర్నల్ క్లబ్‌లో (పరిశోధన పేపర్ చదివి చర్చించే క్లాసులో) నా వంతు, ఇప్పటి నుంచే టెన్షన్. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా స్టడీ ఇచ్చారు. ఛాతీ నొప్పి పేషెంట్లుగా నటులతో వీడియోలు తీసి, 720 మంది డాక్టర్లకు చూపించి, వీళ్లను కార్డియాక్ క్యాథెటరైజేషన్‌కి (సన్నని గొట్టం పంపి గుండెను పరీక్షించడానికి) పంపుతారా అని అడిగారు. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లవాళ్లకు ఆడ్స్ రేషియో 0.6 వచ్చింది. పంపే అవకాశం 40 శాతం తక్కువ అని స్లైడ్‌లో పెట్టేయొచ్చా? మా సీనియర్‌ని అడిగితే "అది రిస్క్ కాదు, ఆడ్స్" అనేసి డ్యూటీకి వెళ్లిపోయారు. అసలు రిస్క్ రేషియో ఉండగా ఈ ఆడ్స్ గొడవ ఎందుకండీ?

పాతపీజీ:
పెట్టొద్దు. అప్పట్లో పేపర్లూ టీవీలూ అలాగే చెప్పాయి, తర్వాత అదే జర్నల్‌లో ష్వార్ట్జ్, వొలోషిన్, వెల్ష్ ఆ లెక్క విప్పి చూపించారు. తెల్లవాళ్లలో 90.6 శాతం మందిని పంపుతామన్నారు, నల్లవాళ్లలో 84.7. ఆడ్స్ అంటే పంపినవాళ్లను పంపనివాళ్లతో భాగించడం: 90.6 బై 9.4 అంటే దాదాపు 9.6, 84.7 బై 15.3 అంటే 5.5. వీటి నిష్పత్తే మీ 0.6. అదే శాతాలను నేరుగా భాగిస్తే 0.93, ఇదే రిస్క్ రేషియో, అంటే తగ్గింది 7 శాతమే. ఇంకో సంగతి, ఇది తప్పకుండా స్లైడ్‌లో పెట్టండి: తెల్ల మగవాళ్లు, తెల్ల ఆడవాళ్లు, నల్ల మగవాళ్లు ముగ్గురికీ 90.6 శాతమే, నల్ల ఆడవాళ్లకు మాత్రం 78.8. తేడా మొత్తం అక్కడే ఉంది. వివక్ష లేదని కాదు, అది ఎవరి మీద, ఎంత అన్నది 0.6లో కనబడదు.

రెండుబైరెండు:
ఆడ్స్ ఎందుకంటే, కేస్-కంట్రోల్ స్టడీలో, అంటే జబ్బు ఉన్నవాళ్లను (కేసులు), లేనివాళ్లను (కంట్రోల్స్) ముందే ఎంచుకుని పోల్చే స్టడీలో, రిస్క్ కట్టడమే కుదరదు. పొగతాగడం, లంగ్ క్యాన్సర్ మీద 1950లో డాల్, హిల్ అనే పరిశోధకులు లండన్ ఆస్పత్రుల్లో చేసింది చూడండి. లంగ్ క్యాన్సర్ ఉన్న మగవాళ్లు 649, లేనివాళ్లూ 649. ఇందులో "ఎంతమందికి క్యాన్సర్ వచ్చింది" అంటే సగం మందికి అని వస్తుంది, ఎందుకంటే ఆ సగాన్ని వాళ్లే ఎంచుకున్నారు! పొగ తాగేవాళ్లు కేసుల్లో 647, కంట్రోల్స్‌లో 622. తాగనివాళ్లు 2, 27. అడ్డంగా గుణించి భాగిస్తే, 647×27 బై 2×622, సుమారు 14. కంట్రోల్స్‌ను రెట్టింపు తీసుకున్నా ఇది పెద్దగా మారదు, రిస్క్ లెక్కయితే మారిపోతుంది. జబ్బు అరుదైతే ఈ 14 రిస్క్ రేషియోకి దగ్గరగా ఉంటుందని 1951లో కార్న్‌ఫీల్డ్ అనే స్టాటిస్టీషియన్ చూపించాడు. మీ పేపర్‌లో 90 శాతం మందిని పంపుతామన్నారు, అరుదు అనే మాటే లేదు, అందుకే అంత తేడా. అయినా ఆడ్స్ రేషియో ఇచ్చారంటే లాజిస్టిక్ రిగ్రెషన్ (అవును/కాదు ఫలితాలను విశ్లేషించే పద్ధతి) వాడారు, అందులోంచి వచ్చేది అదే.

స్టాట్స్‌భయం:
ఇప్పుడు వెలిగింది, థాంక్సండీ ఇద్దరికీ. కానీ కేసుల్లో తాగనివాళ్లు ఇద్దరేనా? ఇద్దరి మీద నిలబడ్డ 14ని నమ్మడం ఎలా?

రెండుబైరెండు:
14 అన్న అంకెను నమ్మక్కర్లేదు, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు విలువ ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పే పరిధి) చూడండి. నాలుగు అంకెల విలోమాలు కలిపి, వర్గమూలం తీసి, లాగ్‌లో 1.96 రెట్లు అటూ ఇటూ వెళ్తే 95 శాతానికి దాదాపు 3.3 నుంచి 59 వస్తుంది. ఆ వెడల్పంతా ఆ ఇద్దరి పుణ్యమే. కానీ ఆడ్స్ రేషియో 1 అంటే తేడా లేనట్టు, ఇక్కడ కింది కొస కూడా 1కి చాలా పైనే ఉంది కదా.