అమ్మతో, పిల్లలతో జైసల్మేర్: మేలో వెళ్ళొచ్చా?

శ్రావణి, ఖమ్మం
మే రెండో వారంలో జైసల్మేర్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు చిన్నపిల్లలు, మా అమ్మ. అమ్మకి అరవై ఐదు, బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులు. అసలు ఎడారి చూడాలన్నది ఆవిడ కోరికే. మేలో హోటల్ రేట్లు బాగా తక్కువ చూపిస్తున్నాయి. ఖమ్మం ఎండల్లో బతికేవాళ్ళకి అక్కడ కొత్తేముంటుంది అంటారు మా ఆయన. కోట లోపల హోటల్లో దిగాలని నాకు ఆశ. తెలిసినవాళ్ళు చెప్పండి.

రమేశ్, నిజామాబాద్
మేలో వద్దండీ. పొద్దున తొమ్మిది దాటితే గదిలో ఏసీ కింద కూర్చోవడమే. అంత దూరం వెళ్ళి గోడలు చూస్తూ కూర్చుంటారా?

ఉమ, నరసరావుపేట
శ్రావణి గారూ, మావారు గాలిమరల కంపెనీలో చేస్తున్నప్పుడు మేం జైసల్మేర్‌లోనే కాపురం ఉన్నాం. మా అమ్మాయి అక్కడే పుట్టింది. ఆ ఊరంటే నాకు ప్రాణం, అందుకే గట్టిగా చెబుతున్నా: మేలో మీ అమ్మగారిని తీసుకెళ్ళకండి.

నేను రెంటచింతల పక్క ఊళ్ళో పెరిగినదాన్ని, ఎండ నాకు కొత్త కాదు. కానీ అక్కడిది వేరు. గాలిలో తేమ ఉండదు కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్ళు పోతున్న సంగతే తెలియదు. పెద్దవాళ్ళకి దాహం కూడా ఆలస్యంగా తెలుస్తుంది. దానికితోడు లూ అనే వడగాలి. జోధ్‌పూర్ నుంచి వెళ్ళే రైలు దారిలోనే ఫలోదీ వస్తుంది, 2016 మేలో 51 డిగ్రీలు నమోదైన ఊరు. బీపీ మందుల్లో కొన్ని ఒంట్లో నీరు తగ్గిస్తాయి, ఏ నెలలో వెళ్ళినా ముందు డాక్టర్ని అడగండి.

సంక్రాంతి సెలవుల్లో వెళ్ళండి. పగలు హాయిగా తిరగొచ్చు. రాత్రిళ్ళు మాత్రం ఏడెనిమిది డిగ్రీలకి పడిపోతుంది. ఎడారే కదా అని స్వెట్టర్లు మానేయకండి. అమ్మగారికి మేజోళ్ళు, మంకీ క్యాప్, పెదవులకి వాజ్‌లైన్ తప్పనిసరి.

ఇక కోట. 1156లో రావల్ జైసల్ అనే రాజు కొండ మీద కట్టించాడు, ఇప్పటికీ లోపల జనం కాపురాలున్నాయి. చూడండి, తనివితీరా చూడండి, కానీ రాత్రి బస మాత్రం బయట పెట్టుకోండి. ఏడాదికి ఇరవై సెంటీమీటర్లకి అటూ ఇటూ వాన పడే ఊరది. ఒకప్పుడు గడీసర్ చెరువు నుంచి బిందెలతో నీళ్ళు పైకి మోసుకునేవాళ్ళు, ఒక్కో బిందె లెక్కే. ఇప్పుడు కుళాయిలు, హోటల్ బాత్‌రూములు. ఆ నీరంతా కొండలోకి ఇంకి, కింద మట్టి మెత్తబడి, బురుజులు కొన్ని కూలాయి కూడా. ఎనిమిది శతాబ్దాలు దాటి నిలబడిన కోట మన స్నానాల నీళ్ళకి కరగడం నాకు బాధ. బయట చాలా హోటళ్ళ డాబాల మీంచి కోట మొత్తం కనిపిస్తుంది, లోపల ఉంటే అదే కనపడదు.

పైకి వెళ్ళేది రాళ్ళు పరిచిన ఏటవాలు దారి. ఆ రాళ్ళు నున్నగా అరిగిపోయాయి. అమ్మగారికి పట్టున్న చెప్పులు వేయించి, పొద్దున్నే మెల్లగా ఎక్కించండి. జైన ఆలయాలు కూడా పొద్దున చూడ్డమే మంచిది. లోపలికి తోలు వస్తువులు రానివ్వరు, బెల్టు, పర్సు గదిలోనే పెట్టి వెళ్ళండి.

ఇసుక తిన్నెలకి అందరూ సామ్ వెళ్తారు, ఊరికి నలభై కిలోమీటర్లు. అక్కడ డేరాల్లో పాటల హోరు ఎక్కువ. పెద్దావిడతో కాబట్టి నేనైతే ఖూరీ అనే ఊరి దగ్గరి తిన్నెలకే వెళ్ళమంటాను, నెమ్మదిగా ఉంటుంది. ఒంటె లేచేటప్పుడు, కూర్చునేటప్పుడు పెద్ద కుదుపు ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కకపోతేనే నయం. ఒంటెబండి అడగండి, దొరుకుతుంది.

తిండికి బెంగ వద్దు. కేర్ సాంగ్రీ కూర తప్పక తినిపించండి. కేర్ అంటే ఎడారి పొదల కాయలు, సాంగ్రీ అంటే మనం దసరాకి పూజ చేసే జమ్మిచెట్టు కాయలే. తెలంగాణకీ రాజస్థాన్‌కీ రాష్ట్ర వృక్షం అదే. అమ్మగారికి ఆ చెట్టు చూపించండి, సంతోషిస్తారు.

వెంకట్, విజయనగరం
ఒక రోజు ఎక్కువుంటే తనోట్ మాత గుడికి వెళ్ళండి. 120 కిలోమీటర్లు, నిర్వహణ అంతా బీఎస్ఎఫ్ వాళ్ళదే. 1965 యుద్ధంలో పడి పేలని బాంబులు గుళ్ళోనే పెట్టారు. ఆ వైపే 1971 యుద్ధంలో పోరు జరిగిన లోంగేవాలా. ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి, కారు ట్యాంకు ఊళ్ళోనే నింపించండి.

శ్రావణి, ఖమ్మం
అందరికీ థాంక్స్. ఉమక్కా, మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించాను, సంక్రాంతికే ఖాయం. ఢిల్లీ మీదుగా ఫ్లైట్ చూడమంటారా?

ఉమ, నరసరావుపేట
జనవరిలో ఢిల్లీ వద్దమ్మా, పొగమంచుకి ఫ్లైట్లు గంటలు గంటలు ఆగిపోతాయి, పిల్లలతో టెన్షన్. జైపూర్ మీదుగానో జోధ్‌పూర్ మీదుగానో చూడు. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కన భగత్ కీ కోఠీకి రైలుంది, కానీ రెండు రాత్రుల ప్రయాణం, అమ్మ నడుం చూసుకుని నిర్ణయించుకో. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కి రైల్లో ఐదారు గంటలు. అమ్మకి లోయర్ బెర్త్ కావాలి కాబట్టి రిజర్వేషన్ తెరిచిన రోజే చేసెయ్యి.