"సహించడమంటే అవమానించడమే": సహనమా, ఓర్పా?

గోదారి గట్టు: నాలుగు రోజులుగా ఒక మాట బుర్ర తినేస్తోంది. సహనం కొన్నాళ్లుండి పోవాల్సిన బుద్ధి, అది గుర్తింపుకు దారి తీయాలి, "సహించడమంటే అవమానించడమే" అని. ఫ్రెంచ్ రచయిత వోల్టేర్‌ది అనుకున్నా. ఎప్పుడో ఓ పాత పత్రికలో తెలుగులో చదివాను. అందులో "సహించడం" అనే ఉందా, "ఓర్చుకోవడం" అనా?

బెర్లిన్ బాబాయి: వోల్టేర్ కాదమ్మా, జర్మన్ కవి గోథె. మూలంలో క్రియ "డుల్డెన్". ఇష్టం లేనిదాన్ని పళ్ల బిగువున భరించడం. కాబట్టి "ఓర్చుకోవడం" అనే ఉండాలి.

నల్లగొండ పంతులు: లాటిన్ "టోలెరారే" కూడా బరువు మోయడమే కదా బాబాయ్, ఇందులో కొత్తేముంది? నాకైతే "సహించడం" దగ్గరే అభ్యంతరం. సహనంలో "సహ" ఉంది. సహవాసం, సహపంక్తి లాగా, కలిసి ఉండటం. అది అవమానం ఎలా అవుతుంది?

ధాతువుల అత్తయ్య: పంతులుగారూ, ఆ "సహ" వేరు, ఈ "సహ" వేరు. ఇది "షహ మర్షణే", అంటే ఓర్చడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు, మాటకి మూలం. వేదంలో అయితే ఏకంగా ఎదుటివాణ్ణి అణచి గెలవడం. సాహసం కూడా ఈ ఇంటిదే. అంతెందుకు, "అసహ్యం" చూడండి. కలిసి ఉండనిదల్లా అసహ్యమేనా?

నల్లగొండ పంతులు: ధాతువు ఒప్పుకున్నా. మాట వాడేవాడికి ధాతుపాఠం, ఆ ధాతువుల పట్టీ, గుర్తుంటుందా అని నా పాయింటు.

ధాతువుల అత్తయ్య: గుర్తుండక్కర్లేదు, మాటే బయటపెడుతుంది. సహనం పోతే అసహ్యం. ఓర్పు పోతే "ఓర్వలేనితనం", అంటే అసూయ. గోథెకి రెండోది నప్పదు. పక్కింటి మతం మీద అసూయ ఎవరికి?

చరిత్ర పిచ్చోడు: మీరంతా గోథె కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నారు. 1762 మార్చి 10న ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాన్ కలాస్ అనే ప్రొటెస్టెంట్ బట్టల వర్తకుణ్ణి చక్రానికి కట్టి ఎముకలు విరిచి చంపారు. కొడుకు కాథలిక్ అవబోతున్నాడని తనే చంపాడట! వోల్టేర్ మరుసటేడు సహనం మీద గ్రంథం రాసింది ఆ కేసు పట్టుకునే. 1765లో నిర్దోషి అన్నారు, మనిషి పోయాక. ఆ ఇంటివాళ్లకు "మిమ్మల్ని ఓర్చుకుంటాం" అన్నా వరమే.

బెర్లిన్ బాబాయి: వరమే, కానీ ఎలాంటి వరం? 1781లో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ సహన శాసనం ఇచ్చాడు. ప్రొటెస్టెంట్లు గుడి కట్టుకోవచ్చు. శిఖరం ఉండకూడదు, గంట ఉండకూడదు, వాకిలి వీధి వైపు ఉండకూడదు. పెరటి దారిన వెళ్లి దేవుణ్ణి చూసుకో! గోథె మాట నాకు అక్కడే బోధపడింది.

చరిత్ర పిచ్చోడు: దానికి గోథె దాకా ఎందుకు? 1789 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని నీమ్ ఊరి ప్రొటెస్టెంట్ పాస్టర్ రబో సాంతెతియెన్ వెర్సాయ్‌లో జాతీయ సభలో అనేశాడు, మాకు కావలసింది సహనం కాదు, స్వేచ్ఛ అని. ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ సంగతి సరే సరి, సహనం మీద రాసిన 1689 లేఖలో నాస్తికులకు ఆ సహనం కూడా లేదు.

గోదారి గట్టు: ఇంతకీ ఆ పత్రికలో...

నల్లగొండ పంతులు: ఈ గొడవంతా మన గురజాడ 1910లోనే దాటేశాడు. "మతములన్నియు మాసిపోవును". ఓర్చుకోవడానికి అసలు మతమే మిగల్లేదు!

ధాతువుల అత్తయ్య: "మాసి" అంటే ఏం అర్థం చెప్పుకున్నారు? బట్ట మాసినట్టా, మచ్చ మాసినట్టా?

నల్లగొండ పంతులు: మచ్చే. మాసిన బట్టకి చాకిరేవుంది కదా.

బెర్లిన్ బాబాయి: అక్కడ "పోవును" ఉంది పంతులూ. "మాసెను" వేరు, "మాసిపోవును" వేరు.

ధాతువుల అత్తయ్య: బట్ట కూడా మాసిపోతుంది బాబాయ్. మా ఇంట్లో రోజూ అదే మాట.