హైదరాబాదులో ట్రెక్కింగ్ బృందం: మూడు కనిపించాయి, దేనిలో చేరాలి?

ప్రశ్న (మియాపూర్ సభ్యురాలు):

అందరికీ నమస్కారం. ఆరు నెలల క్రితం బదిలీ మీద కాకినాడ నుంచి హైదరాబాదుకు వచ్చి, మియాపూర్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. వయసు ముప్పై ఎనిమిది. రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచే అలవాటుంది గాని, అన్నవరం, సింహాచలం మెట్లు తప్ప కొండ ఎక్కిన అనుభవం లేదు. పైగా మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు కాస్త పట్టేస్తుంది. ఇక్కడ తెలిసినవారు తక్కువ కాబట్టి, ఆదివారాలు గుట్టలెక్కే బృందంలో చేరుదామని వెతికితే మూడు కనిపించాయి.

మొదటిది లాభాపేక్ష లేకుండా సభ్యులే నడుపుకునేది; ఆరోగ్యం గురించి రెండు పేజీల ప్రశ్నలు పంపి, వాటికి జవాబులు రాసిన తరువాతే చోటు ఇస్తామన్నారు. రెండోది ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించింది. ఫోటోలు చాలా బాగున్నాయి, "నాలుగే సీట్లు మిగిలాయి" అని మూడు వారాలుగా పెడుతున్నారు, డబ్బు మాత్రం ఎవరో ఒకరి సొంత ఫోన్ నంబరుకు పంపమంటున్నారు. మూడోది మా అపార్ట్‌మెంట్ వాళ్ల వాట్సాప్ గ్రూపు. పన్నెండు మంది, అందరూ మంచివాళ్లే, కానీ ఎవరు దారి చూపిస్తారో వాళ్లకే తెలియదు. ఏం చూసి ఎంచుకోవాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (కొండాపూర్ సభ్యుడు):

ఎక్కువ మంది వెళ్లే బృందంలో చేరండి. నలభై, యాభై మంది ఉంటే భయపడవలసిన పనే లేదు, ఒకరు కాకపోతే ఒకరు చూసుకుంటారు. నేను రెండేళ్లుగా అలాగే వెళ్తున్నాను, ఇబ్బంది రాలేదు.

జవాబు (తార్నాక సభ్యుడు):

పై సభ్యుని అనుభవాన్ని కాదనను గాని, "ఒకరు కాకపోతే ఒకరు చూసుకుంటారు" అనుకున్న చోటే మనిషి వెనకబడిపోతాడని నేను స్వయంగా చూశాను. ఎనిమిదేళ్ల క్రితం వికారాబాద్ వైపు ఒక గుట్టకు నలభై ముగ్గురం వెళ్లాం. దారి తెలిసినవాడు ఒక్కడే, అతడు అందరికన్నా ముందు నడిచాడు. దిగి, బస్సెక్కి, ఏడు కిలోమీటర్లు వచ్చాక టీ కోసం ఆగినప్పుడు చూస్తే ఒక సీటు మీద సంచి ఉంది, మనిషి లేడు. ఇద్దరం టార్చి పట్టుకుని వెనక్కి వెళ్లేసరికి, మడమ బెణికిన ఆ కుర్రవాడు పరుపుబండ మీద కూర్చుని, ఖాళీ నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉన్నాడు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. "అందరూ నా ముందే ఉన్నారు కదా, వెనక ఎవరూ లేరు" అని ఒక్క మాటే అన్నాడు. ఆ రోజు నుంచి ఏ బృందం గురించి ఎవరు అడిగినా, ముందు నడిచేవాడెవరో తరువాత కనుక్కోండి, చివర నడిచేదెవరో ముందు అడగండి అని చెబుతున్నాను.

ట్రెక్కింగ్ చేసేవాళ్లు ఆ చివరి మనిషిని స్వీప్ అంటారు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వెనకే అతడు నడవాలి, వారిని దాటి ముందుకు పోకూడదు. కాబట్టి మీరు మూడు బృందాలకూ ఫోన్ చేసి, ఈసారి స్వీప్‌గా ఎవరు వస్తున్నారు, తలల లెక్క ఎక్కడెక్కడ తీసుకుంటారు, ఎన్ని గంటలకల్లా పైకి చేరకపోతే వెనక్కి తిరుగుతారు అని మూడు మాటలు అడగండి. పద్ధతి ఉన్న బృందం ఏమాత్రం చిరాకు పడకుండా పేర్లతో సహా, సమయంతో సహా చెబుతుంది. "మేము ఎప్పుడూ శిఖరం చేరకుండా రాలేదు మేడమ్" అని ఎవరైనా గొప్పగా చెబితే, వారితో వెళ్లకండి. ఎండాకాలంలో మన బండలు తొమ్మిదిన్నరకే పెనంలా కాలతాయి. వానాకాలంలో అదే బండ మీద పాకుడు పట్టి గాజులా జారుతుంది. వెనక్కి తిరగడం తెలియని నాయకుడు ఈ రెండు కాలాల్లోనూ పనికిరాడు.

ఆరోగ్య ప్రశ్నల పత్రం చూసి మీరు కాస్త వెనకాడుతున్నట్టు అనిపించింది. నన్నడిగితే అది ఆ బృందానికి ఉన్న మొదటి మంచి గుర్తు. మోకాలి సంగతి అందులో దాచకుండా రాయండి. అలాగే ప్రమాదం జరిగితే బాధ్యత మాది కాదని ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. అన్నిచోట్లా అడుగుతారు, దానికి కంగారు పడనక్కర్లేదు గాని, చదివి పెట్టండి. ప్రథమ చికిత్స పెట్టె ఎవరి దగ్గర ఉంటుంది, దగ్గరలో ఆసుపత్రి ఎక్కడ అన్న ప్రశ్నలకు వారి దగ్గర జవాబు ఉంటే ఆ కాగితం మామూలు జాగ్రత్త అనుకోవచ్చు. ఆ జవాబు లేకుండా సంతకం మాత్రం అడిగితే, వారికి తెలిసిన జాగ్రత్త అదొక్కటే అనుకోవాలి.

డబ్బు విషయం పెద్దగా చెప్పేదేమీ లేదు. బండి ఖర్చెంత, ఫలహారానికెంత, అనుమతి రుసుమెంత అని విడివిడిగా అడగండి. రద్దయితే ఎంత తిరిగి వస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. మూడు వారాలుగా నాలుగే సీట్లు మిగలడం నాకైతే వింతగా ఉంది.

ఇక పేర్ల విషయానికి వస్తే, ఈ నగరంలో స్వచ్ఛందంగా నడిచే వాటిలో గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ చాలామందికి తెలిసినదే. అయితే స్వచ్ఛంద బృందంలో మీరు డబ్బిచ్చిన కస్టమర్ కారని గుర్తుంచుకోవాలి. మీ నీళ్లు మీరే మోయాలి, నాలుగైదు సార్లు వెళ్లాక మిమ్మల్నే స్వీప్‌గా ఉండమంటారు. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1949 నుంచి ఉన్న సంస్థ; సర్ పాస్ వంటి హిమాలయ యాత్రలకు వైద్యుని ధ్రువపత్రం అడిగి మరీ తీసుకుంటుంది గాని, అది మీకు ఇప్పుడే అవసరం లేదు. మీలా కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందుగా చెప్పేది సొసైటీ టు సేవ్ రాక్స్ వారి రాక్ వాక్. 1996లో మొదలైన ఈ సంస్థ మన దక్కను బండరాళ్లను కాపాడేందుకు పనిచేస్తోంది. వారి నడకల్లో ఎక్కడం తక్కువ, ఆగి చూడడం ఎక్కువ. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ రాయి మీద నిలబడి దాని కథ వినడం ఒక లాభమైతే, బండ మీద మీ బూటు ఎంత పట్టు ఇస్తుందో, మీ మోకాలు ఎక్కడ మొరాయిస్తుందో ఇంటికి దగ్గరలోనే తెలిసిపోవడం రెండో లాభం.

మళ్లీ ప్రశ్న (మియాపూర్ సభ్యురాలు):

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలండీ. రెండు సందేహాలు మిగిలాయి. ఒంటరిగా తెలియనివాళ్లతో వెళ్తున్నానని ఊళ్లో అమ్మానాన్నలు కంగారు పడుతున్నారు. ఆడవాళ్లు మాత్రమే ఉండే బృందం వెతుక్కోవడం మేలా? రెండోది, ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు నల్లమలలో రాత్రి గుడారాలు వేసుకుని ఉండే యాత్ర పెట్టారు. మొదటిసారే అంత దూరం వెళ్లవచ్చా?

జవాబు (సైనిక్‌పురి సభ్యురాలు):

మొదటి సందేహానికి నేను చెబుతాను. ఆడవాళ్లు మాత్రమే ఉండే బృందంలో రెండేళ్లు, కలిసి వెళ్లే బృందంలో నాలుగేళ్లు తిరిగాను. రెండూ బాగానే ఉన్నాయి. నేను చూసేది, ఈ ఆదివారం వెళ్లే జాబితాలో ఆడవాళ్లు ఎందరున్నారు, నడిపించేవారిలో ఒక్కరైనా స్త్రీ ఉన్నారా అన్నది. స్త్రీ ఉన్న చోట, కొండ మొదలవకముందు మరుగుదొడ్డి ఉన్న చోట బండి ఆపాలన్న సంగతి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. అది లేని బృందంలో ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, పదకొండు గంటలకు కళ్లు తిరుగుతాయి, అప్పుడు అందరూ ఎండ వల్ల అనుకుంటారు.

ఇంకొకటి, మీ ఇల్లు మియాపూర్ కాబట్టి చెబుతున్నాను. ఈ యాత్రలకు బండి తెల్లవారుజామున నాలుగున్నరకో, ఐదుకో కదులుతుంది. అప్పటికి మెట్రో మొదటి రైలు కూడా బయలుదేరదు. బండి మీ వైపు ఎక్కడ ఆగుతుందో, ఆ పక్కనుంచి వచ్చే సభ్యురాలు ఎవరైనా ఉన్నారో ముందే కనుక్కోండి. బండి నంబరు, నాయకుల ఫోన్ నంబర్లు, తిరిగివచ్చే సమయం అమ్మగారికి రాత్రే పంపి పడుకోండి. మా అమ్మ అయితే నాయకురాలికి తనే ఒకసారి ఫోన్ చేసి మాట్లాడింది. ఆవిడ విసుక్కోకుండా పది నిమిషాలు మాట్లాడడం చూసి, నాకు కూడా ఆ బృందం మీద నమ్మకం కుదిరింది.

జవాబు (అచ్చంపేట సభ్యుడు, విశ్రాంత అటవీ ఉద్యోగి):

అమ్మా, నల్లమల గురించి నేను చెబుతాను. నల్లమలలో మన తెలంగాణ వైపుది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అక్కడ ఎవరుబడితే వాళ్లు గుడారం వేసుకోవడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం. ఫర్హాబాద్ వైపు చూడాలంటే అటవీ శాఖవారే సఫారీ, బస ఏర్పాటు చేస్తున్నారు, ఆ దారిన వెళ్లండి. బృందంవారు "అనుమతి ఉంది" అంటే చాలదు. ఆ కాగితం ప్రతి పంపమని అడగండి. అందులో తేదీ, ఎంతమంది, ఏ దారి అని రాసి ఉండాలి. "అక్కడ గార్డు మనకు తెలిసినవాడే" అన్న మాట నా ఉద్యోగకాలంలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాట చెప్పేవారితో ఇంటి దగ్గర గుట్టకు కూడా వెళ్లవద్దు.

ఈ కాగితం గొడవ ఎందుకంటారేమో. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయారు. వారిలో చాలామంది మీలా నగరంలో ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజున వచ్చినవారే. ఫిబ్రవరి నుంచి మే దాకా మన అడవిలోనూ గడ్డి మనిషి నడుము ఎత్తున ఎండి ఉంటుంది. ఎవరు ఏ దారిన లోపలికి వెళ్లారో మాకు తెలిస్తేనే, నిప్పు పుట్టినప్పుడు అటు మనిషిని పంపగలం.

కొండ కోటల మీద తేనెపట్లు కూడా చూసుకోవాలి. పెద్ద తేనెటీగలు రాతి చూరు కింద పట్టు పెడతాయి. అత్తరు, సెంటు పూసుకుని వెళ్లకండి, పట్టు కింద కేకలు, పొగ వద్దు. అవి లేస్తే చేతులు విసరకుండా, ముఖం చున్నీతో కప్పుకుని, ఆగకుండా అక్కడి నుంచి దూరంగా వెళ్లిపోవాలి.

జవాబు (కొండాపూర్ సభ్యుడు):

తార్నాక సభ్యుని మాట చదివాక మా బృందంలో స్వీప్ ఎవరని నిన్న అడిగాను. "అలా ఎవరినీ పెట్టుకోం, అందరూ ఫిట్టుగానే ఉంటారు కదా" అన్నారు. ఇన్నాళ్లూ అడగకపోవడం నా పొరపాటే.

తరువాతి వివరం (మియాపూర్ సభ్యురాలు):

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మీరు చెప్పిన మూడు ప్రశ్నలూ ముగ్గురినీ అడిగాను. ఇన్‌స్టాగ్రామ్ వారు స్వీప్ అంటే ఏమిటని నన్నే అడిగారు. నల్లమల అనుమతి పత్రం పంపమంటే మరి జవాబు రాలేదు. మా అపార్ట్‌మెంట్ వారు పాపం నిజాయతీగా, "మాకూ తెలియదు, మీరు నేర్చుకుని మాకు చెప్పండి" అన్నారు. స్వచ్ఛంద బృందంలో ఒకావిడ నేను రాసిన మోకాలి సంగతి చదివి, నేను అనుకున్న యాత్ర నాకు ఇప్పుడే సరిపోదని, భువనగిరికి రమ్మని సలహా ఇచ్చారు.

పోయిన ఆదివారం వెళ్లాం, పద్దెనిమిది మందిమి. నగరానికి యాభై కిలోమీటర్ల దూరంలో, ఐదు వందల అడుగులకు పైగా ఎత్తున్న ఒకే రాయి. దాని మీద చాళుక్య త్రిభువనమల్లుడు కట్టించిన కోట. 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ పొందింది ఈ రాతి మీదే అని దారిలో చెప్పారు. ఆ మాట విన్నాక మెట్ల దగ్గరే ఆయాసపడడానికి సిగ్గేసింది. మెట్లు అయిపోయాక వచ్చే నున్నటి బండ మీద నా వాకింగ్ బూట్లు రెండుసార్లు జారాయి. వెనక ఉన్న స్వీప్, యాభై దాటిన ఒక పెద్దాయన, కాలివేళ్ల మీద కాదు, అరికాలు మొత్తం ఆనించి నడవమని చెప్పాక పట్టు దొరికింది. నేను ఎక్కడ ఆగితే ఆయనా అక్కడే ఆగి, దూరంగా చూస్తూ నిలబడ్డారు గాని, పదండి అని ఒక్కసారి కూడా అనలేదు. లెక్క నాలుగుసార్లు తీసుకున్నారు. దిగేటప్పుడు మాత్రం మోకాలు బాగా ఇబ్బంది పెట్టింది. వచ్చే నెల వికారాబాద్ దగ్గరి అనంతగిరికి రమ్మంటున్నారు. వెళ్లవచ్చా?

జవాబు (తార్నాక సభ్యుడు):

వెళ్లవచ్చు. అనంతగిరి అడవి దారి చాలావరకు మట్టిదే కాబట్టి భువనగిరి బండకన్నా మోకాలికి సుఖం. అయినా ముందు ఒకసారి ఎముకల వైద్యునికి చూపించుకోండి. దిగేటప్పుడు రెండు చేతులా కర్రలు పట్టుకుని, చిన్న అడుగులు వేస్తూ, వాలు ఎక్కువగా ఉన్నచోట పక్కకు తిరిగి దిగండి. బూట్లు కొనేటప్పుడు అంగడివాడు చూపించే రంగు కాదు, అడుగున రబ్బరు ఎంత మెత్తగా ఉందో గోటితో నొక్కి చూసుకోండి. గోరు దిగితే బండ మీద పట్టు ఇస్తుంది.