బీఏ ఎకనామిక్స్ చదువుతూ పబ్లిక్ హెల్త్ పాలసీ వైపు వెళ్లాలంటే? (చెన్నై)

సూళ్లూరుపేట_అమ్మాయి
అందరికీ నమస్కారం. చెన్నైలో బీఏ ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. డాక్టర్ అవ్వాలని లేదు. మా అమ్మమ్మకి బీపీ మాత్రలు ఒక నెల పీహెచ్‌సీలో దొరుకుతాయి, ఇంకో నెల బయట కొనుక్కోమంటారు. ఎంత తెప్పించాలో ఎవరు నిర్ణయిస్తారు, ఎక్కడ ఆగిపోతాయి అన్నది చదవాలని ఉంది. ఇంట్లోనేమో ఎంబీబీఎస్ లేకుండా హెల్త్‌లో ఏం చేస్తావని టెన్షన్. డిగ్రీలో ఉండగానే ఏం మొదలుపెట్టాలి? మాకు ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) సీటు ఇస్తారా?

కోడంబాక్కం_రవి
ఇస్తారమ్మా. ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) లాంటి చోట్ల సోషల్ సైన్స్ వాళ్లూ చేరుతున్నారు. కొన్ని సంస్థలు మెడికల్ డిగ్రీయే అడుగుతాయి, నోటిఫికేషన్ చూసుకుని అప్లై చెయ్.

సోంపేట_అన్న
చెల్లీ, నేను చెన్నైలో హెల్త్ సర్వేల డేటా మీద పనిచేస్తాను. నువ్వు అడిగిన మాత్రల సంగతి చదువుకోవడానికి ఇంతకంటే మంచి ఊరు లేదు. తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ గురించి చదువు. 1994లో పెట్టారు. రాష్ట్రం మొత్తానికి ఒకే టెండర్, జిల్లాల్లో గోడౌన్లు, ఒక్కో ఆస్పత్రికి ఒక పాస్‌బుక్. ఆ పాస్‌బుక్‌లో ఉన్న డబ్బుకి లోబడి ఏ మందు ఎంత కావాలో ఆస్పత్రే చెప్పి తెచ్చుకుంటుంది. పైవాళ్లు పంపింది తీసుకుని కూర్చోవడం కాదు. టెండర్లు, నిల్వలు, డిమాండ్ అంచనా... ఇదంతా నీ సబ్జెక్టే కదా! ఇంట్లోవాళ్లకి ఇదే చెప్పు.

ఇంకోటి. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చినప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలు కూడా ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. ఆ చట్టమే తర్వాత ఆంధ్రలోనూ కొనసాగింది. తమిళనాడు మాత్రం పబ్లిక్ హెల్త్‌కి ప్రత్యేక కేడర్‌ని, అంటే ఆ పనికే విడిగా ఉండే అధికారుల వ్యవస్థని, నిలబెట్టుకుంది. ఒకే చట్టంతో బయల్దేరి రెండు రాష్ట్రాలు ఎక్కడెక్కడ వేరుపడ్డాయో ఎవరైనా ఓపిగ్గా రాస్తే చదవాలని నాకెంతో ఆశ.

నేను ఈ దారిలోకి వచ్చింది మా ఉద్దానం వల్ల. అక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తేలేదాకా ఆగుతామా? మంచినీళ్లు ఎక్కణ్నుంచి తేవాలి, డయాలసిస్ ఏ ఊళ్లో పెట్టాలి, వారానికి రెండు మూడుసార్లు అక్కడికి వెళ్లే మనిషి కూలి పోతే ఇల్లెలా గడవాలి? పలాసలో 200 పడకల ఆస్పత్రి 2023లో వచ్చింది. ఈ లెక్కలన్నీ వేయగలిగినవాళ్లు మనకి చాలామంది కావాలి.

స్టాటిస్టిక్స్ మాత్రం వదలకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 రిపోర్టుల్లో తమిళనాడుది, ఆంధ్రాది పక్కపక్కన పెట్టుకుని చూడు.

పెరంబూరు_లక్ష్మి
పుస్తకాలతో పాటు వీధులూ తిరగాలమ్మా. మా ఇంటికి దోమల తనిఖీకి కార్పొరేషన్ వాళ్లు వస్తారు. డ్రముల్లో, పూలకుండీల కింద పళ్లేల్లో టార్చి వేసి పురుగులు వెతుకుతారు. కాలేజీ నుంచి లెటర్ తీసుకెళ్లి, వాళ్లతో కొన్నాళ్లు తిరగనివ్వమని జోన్ ఆఫీసులో అడుగు. ఏ ఇంట్లో తలుపు తీయరో, ఎందుకు తీయరో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. తమిళం చదవడం కూడా నేర్చుకో.

సూళ్లూరుపేట_అమ్మాయి
అందరికీ థ్యాంక్స్. అన్నా, మూడో ఏడాది ప్రాజెక్టుకి రెండు రాష్ట్రాల మందుల సరఫరా పోల్చొచ్చా?

సోంపేట_అన్న
డిగ్రీ ప్రాజెక్టుకి అది మరీ పెద్దది. ఒక్క మందు తీసుకో, బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ చాలు. ఆంధ్రాలో తడ వైపు ఒక పీహెచ్‌సీ, తమిళనాడులో గుమ్మిడిపూండి వైపు ఒకటి. రెండూ నువ్వు ఇంటికెళ్లే లోకల్ ట్రైన్ దారిలోనే ఉంటాయి. ఏడాది స్టాక్ రిజిస్టర్ చూసి, ఏ నెలలో ఎన్ని రోజులు నిల్వ సున్నా ఉందో రాసుకో. రెండుచోట్లా ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకో. రోగుల పేర్లు మాత్రం ఎక్కడా రాయకు.