సమస్య: కోపమే మనిషికి కోటగోడ

పృచ్ఛకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ‘తన కోపమె తన శత్రువు’ అని బళ్ళో వల్లె వేసినవాళ్ళమే కదా, అందుకే తిరగేసి ఇచ్చా. ముందు ‘కల్లమాట’ అని తగిలించి తప్పించుకుంటే ఒప్పుకోను.

ఒంగోలు మిత్రులు:

బిడ్డ దరికి రాడు, బెదరి యాలు పలుక
దరుగు మీది చెలిమి దాటిపోయె
తాను లోన మిగిలె, తలుపు తట్టరెవరు
కోపమే మనిషికి కోటగోడ

పృచ్ఛకుడు: బాగుందండీ. గోడ నిలబడింది, కాకపోతే జైలు గోడైంది! ‘అరుగు మీది చెలిమి’ దగ్గర ఆగిపోయాను. రోజూ పేపరు పట్టుకుని వచ్చి కూర్చునే మనిషి, ఇవాళ తల వంచుకుని గుమ్మం ముందు నుంచే పోతున్నట్టు కనిపించింది. ‘పలుకదు + అరుగు’ కలిసి ‘పలుక/దరుగు’ అని పాదం చివర పదం తెగిందని ఎవరైనా అంటారేమో, ఆటవెలదిలో అది తప్పు కాదు.

సిద్దిపేట మిత్రులు:

ఒంటి కంబ మేడ నున్నను బతికెనే
పండులోని పురుగు పాముగాగ
నేమి చెప్పగలము ఇంక నెవ్వరికైన
కోపమే మనిషికి కోటగోడ

పృచ్ఛకుడు: పరీక్షిత్తు మేడను కోటగోడకు ముడిపెట్టడం మంచి ఊహ. కానీ ‘గలము ఇంక’ విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయలేదు. అదైనా సర్దుకుంటుంది, అసలు పేచీ వేరే. పద్యంలో కోపం ఏదీ? దాహంతో వచ్చిన రాజు, మౌనంలో ఉన్న శమీకుడు పలకలేదని చచ్చిన పామును ఆయన మెడలో వేశాడు. కొడుకు శృంగి అలిగి, ఏడు రోజుల్లో సర్పరాజు తక్షకుడు కాటేస్తాడని శపించాడు. రాజు ఒంటికంబం మేడలో దాక్కున్నా, తక్షకుడు పండులో పురుగై వచ్చి కాటేశాడు. కథలో కోపాలు రెండున్నాయి, మీ పద్యంలో పురుగు ఒక్కటే ఉంది.

డాలస్ మిత్రురాలు: నాకు శమీకుడే గుర్తొస్తాడు. మెడలో పాము వేయించుకున్న మనిషే కొడుకును మందలించి, జాగ్రత్త అని రాజుకు కబురు పంపాడు. ఆయన మీద ఎవరూ పద్యం రాయరేం?

సిద్దిపేట మిత్రులు: నిజమేనండీ, శృంగిని మరిచాను. సవరించాను, చూడండి.

శృంగి యలుగ, మేడ చెక్కుచెదరకున్న
పండులోని పురుగు పాముగాగ
నెవరి తోడ నందు నికమీద చెప్పుమా
కోపమే మనిషికి కోటగోడ

పృచ్ఛకుడు: భేష్. శృ–చె యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షర మైత్రి) చెల్లుతుంది. గోడ చెక్కుచెదరలేదు, లోపలి రాజే పోయాడు. డాలస్ అమ్మా, శమీకుడి పూరణ మీరే రాయండి. రేపు సాయంత్రం దాకా గడువు.