నాపరాతి మిద్దె తీసేసి స్లాబు వేయమంటున్నారు, ఏం చేయాలి?

పెన్నా ఒడ్డు:
జమ్మలమడుగు దగ్గర పల్లెలో మా తాత కట్టించిన మట్టి మిద్దె ఉంది. గోడలు మూరన్నర మందం. నాపరాళ్లను మట్టితో పేర్చి కట్టారు. వీధి తలుపు తీయగానే ఎడమవైపు ఎడ్లు కట్టే గాటిపాట, రెండు మెట్లు ఎక్కితే పడసాల, వెనక వంటిల్లు. ఎద్దులూ మేమూ ఒకే కప్పు కింద పెరిగాం. రాతి గాడి అంచు మీద పగ్గం రాసుకుని రాసుకుని వేలు దూరేంత లోతుగా అరిగింది. ఆ చోటు తడిమితే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

నాన్న పోయాక మూడేళ్లుగా మిద్దె మీద చౌడు (పైర్లు ఎదగని ఉప్పు మట్టి) పోయలేదు. పోయిన వానలకు వంటింట్లో కారింది, ఒక దూలం నల్లబడింది. కప్పు తీసేసి ఆ గోడల మీదే స్లాబు వేయమని మేస్త్రీ అంటున్నాడు. నాకు మనసు ఒప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సున్నపు బట్టీ:
నలభై ఏళ్లు రాతిపని చేసినవాణ్ణి. వేయకండి. బరువు సంగతి కాదు. 5 అంగుళాల స్లాబు చదరపు మీటరుకు దాదాపు 310 కిలోలు ఉంటే, జానెడు మట్టి అంతకు తగ్గదు. చిక్కంతా ఎండతో. స్లాబు పగలు సాగి రాత్రి ముడుచుకుంటుంది. మట్టితో కట్టిన గోడ పై వరుసలను రోజూ నెడుతుంది. మీ పాత కప్పులో అయితే దూలాలు, వాటి మీద దంతెలు (అడ్డకర్రలు), పైన బండలు, మట్టి, చౌడు విడివిడి పొరలు కాబట్టి దేనికది సర్దుకుంటుంది.

చౌడులో సోడియం ఎక్కువ. తొలి వానకు దాని బంకరేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్లు దిగవు. పొలంలో పైరును ఎదగనివ్వని గుణమే అక్కడ ఇంటికి పనికొస్తోంది. పైకెక్కి మొలిచిన గడ్డిని వేర్లతో సహా పీకండి, తూము వైపు వాలు సరిచేయండి, బెత్తెడు చౌడు పోసి దిమ్మిసతో కొట్టించండి. నల్లబడిన దూలాన్ని కత్తిమొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే కింద ఊతకర్రలు పెట్టి అదొక్కటే మార్చండి. గోడ అడుగున సిమెంటు పూసి ఉంటే చెక్కించి సున్నం పెట్టండి. సిమెంటు లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు.

కుందూ:
చౌడు తోలే బండ్లు ఎక్కడున్నాయి, ఏటా పైకెక్కేది ఎవరు? మా ఊళ్లో అందుకే ఒక్కో మిద్దే కూలింది. ఇల్లు నిలవాలంటే ఊళ్లో ఒకరికి ఆ పని అప్పగించి కూలి ఇవ్వండి.

బేతంచెర్ల బండ:
మేం స్లాబు వేశాం. రెండో వేసవికే గోడ మూలన పైనుంచి చీలిక వచ్చింది. మే నెలలో పడసాలలో పడుకోలేకపోతున్నాం. మీ నాపరాయిది భూగర్భ శాస్త్రంలో నర్జి సున్నపురాయి అనే పొర. మీ వైపు ఉన్న నర్జి ఊరి పేరే దానికి పెట్టారు. పొరలుగా విడివడే రాయి కాబట్టే కోయకుండా అంత సాఫుగా పేర్చగలిగారు. దాన్ని చెదరనివ్వకండి.

పెన్నా ఒడ్డు:
నిన్న మా అబ్బాయితో మిద్దె ఎక్కాను. తూము నోట్లో వేపమొక్క, మోకాలెత్తు! వేరు రెండు బండల సందులోంచి వంటింటి దూలం మీదికే దిగింది. దూలంలోకి కత్తి గోరంత కూడా దిగలేదు. మేస్త్రీకి వద్దని చెప్పేశాను. చౌడుకు ఆదివారం ట్రాక్టరు మాట్లాడాను.